బోరు నీళ్ళ ఇంట్లో ఆరు నెలల సబ్బుల లెక్క

2025 జూన్ 1, ఆదివారం

మే నెల కిరాణా బిల్లులన్నీ ఒకచోట పెట్టుకుని, తిండికి సంబంధం లేని సరుకులను ఎర్ర పెన్నుతో గుర్తించాను. బట్టల లిక్విడ్ 420, స్నానపు సబ్బులు 240, షాంపూ 210, గిన్నెల లిక్విడ్ 190, టూత్‌పేస్టు 150, నేల తుడిచే ద్రవం 110, మరుగుదొడ్డి క్లీనర్ 100, వెరసి 1,420 రూపాయలు. మేము నలుగురం: నేను, మా వారు, తొమ్మిదో తరగతి చదువుతున్న అమ్మాయి, మా అత్తగారు. సంవత్సరానికి పదిహేడు వేల రూపాయలు నురుగు రూపంలో మోరీలోకి పోతున్నాయని తేలినప్పుడు, వీటిలో ఎన్నింటిని ఇంట్లోనే చేసుకోవచ్చో ఆరు నెలలపాటు చేసి చూడాలని, ప్రతి ప్రయత్నానికీ అయిన ఖర్చును, పట్టిన సమయాన్ని, వచ్చిన ఫలితాన్ని ఈ నోటుపుస్తకంలో రాయాలని నిర్ణయించుకున్నాను.

ముందుగా మా నీళ్ళ గురించి రాయాలి, ఎందుకంటే తర్వాతి లెక్కంతా దాని మీదే ఆధారపడుతుంది. హైదరాబాదులో మా అపార్ట్‌మెంటుకు మంజీర నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. అవి వంటకూ తాగడానికీ సరిపోతాయి. స్నానానికీ బట్టలకూ గిన్నెలకూ బోరు నీళ్ళే గతి. బకెట్ల అంచున తెల్లగా పేరుకునే గార, కుళాయి మూతి దగ్గర గట్టిపడిన సున్నం ఆ నీళ్ళ స్వభావాన్ని చెబుతున్నాయి. అందులోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి నీటిలో కరగని తెట్టుగా మారతాయి. అంటే మనం కొన్న సబ్బులో కొంత భాగం మురికిని కాక నీళ్ళను శుభ్రం చేయడానికే ఖర్చయిపోతుంది.

జూన్ 8

బేగంబజారులో కిలో కుంకుడుకాయలు 160 రూపాయలకు తెచ్చాను. అత్తగారు వంటింటి గట్టు మీద పాత గుడ్డ పరిచి, రోటి పొత్రంతో ఒక్కొక్క కాయ మీద ఒక్క దెబ్బ వేశారు. ఆ దెబ్బకు తొక్క రెండుగా విచ్చుకుని, గోళీలాంటి నల్లటి గింజ పక్కకు దొర్లుతుంది. నేను వేసిన దెబ్బకు గింజ కూడా పగిలి తొక్కలో కలిసిపోయింది.

“అమ్మాయ్, కాయని కొట్టకు, తొక్కని కొట్టు,” అన్నారు ఆవిడ.

ఆ తేడా చేతికి అందడానికి ఇరవై కాయలు పట్టాయి. నురుగునిచ్చే సాపోనిన్లు ఉండేది తొక్కలోనే కాబట్టి గింజలను ఏరి పారేస్తాము. తొక్కలను వేడినీళ్ళలో అరగంట నానబెట్టి, రెండు చేతులతో పిసుకుతూ ఉంటే ముందు జిగురుగా, తర్వాత పాలమీగడలాగా నురుగు వచ్చింది. బోరు నీళ్ళలోనూ నురుగు తగ్గలేదు, తెట్టు కట్టలేదు. సాపోనిన్లు సబ్బులాగా కాల్షియంతో కలిసి గడ్డకట్టకపోవడమే అందుకు కారణం. రసాన్ని పల్చటి నూలుగుడ్డలో తప్పకుండా వడకట్టాలి, లేకపోతే నలుసులు జుట్టులో చిక్కుకుంటాయి. కళ్ళు మాత్రం గట్టిగా మూసుకోవలసిందే.

కిలో కాయల్లో గింజలు తీశాక 580 గ్రాముల తొక్కలు మిగిలాయి. నా జుట్టుకు ఒక తలంటుకు పదిహేను కాయలు, అంటే తూకంలో దాదాపు నలభై గ్రాములు పట్టాయి. కిలోకు ఇరవై అయిదు తలంట్లు వస్తాయి, ఒక్కొక్కటి 6 రూపాయల 40 పైసలు పడుతుంది. పెద్ద సీసా షాంపూతో పోలిస్తే ఇది చవకే. కానీ రెండు రూపాయల షాంపూ ప్యాకెట్లు మూడు వాడినా ఆరు రూపాయలే అవుతుంది కాబట్టి, ప్యాకెట్లతో పోలిస్తే డబ్బు మిగిలిందని చెప్పడానికి వీల్లేదు. కుంకుడుకు నేను మారడానికి కారణం డబ్బు ఒక్కటే కాదు, ఆ ప్యాకెట్ల చెత్త కూడా. అయినా ఈ పుస్తకం ఖర్చుల లెక్క కాబట్టి నిజం నిజంగానే రాస్తున్నాను.

జూన్ 22

ఈ రోజు రెండు పనులు మొదలయ్యాయి.

మొదటిది బయో ఎంజైము అని అందరూ పిలుస్తున్న పులియబెట్టిన ద్రవం. దానికి ఒక వంతు బెల్లం, మూడు వంతులు నిమ్మజాతి తొక్కలు, పది వంతులు నీళ్ళు కావాలి. మా వీధి చివర జ్యూస్ బండి అతను బత్తాయి తొక్కలు ఊరికే ఇచ్చాడు. నేను 200 గ్రాముల నల్లబెల్లం, 600 గ్రాముల తొక్కలు, రెండు లీటర్ల మంజీర నీళ్ళు ఒక ప్లాస్టిక్ డబ్బాలో పోసి, పైన నాలుగోవంతు ఖాళీ వదిలాను. మొదటి నెలంతా లోపల గ్యాసు పుడుతుంది కాబట్టి రోజూ ఒకసారి మూత వదులు చేయాలి. గాజు సీసాను బిగించి పెడితే పేలిపోయే ప్రమాదముంది. ముందు ఈస్టు బెల్లాన్ని ఆల్కహాలుగా మారుస్తుంది, తర్వాత బ్యాక్టీరియా ఆ ఆల్కహాలును పులుపుగా మారుస్తుంది. తొంభై రోజుల తర్వాత, అంటే సెప్టెంబరు 20న, వడకట్టాలి.

రెండవది బట్టలు. ఖర్చులో అన్నిటికన్నా పెద్ద పద్దు ఇదే. లిక్విడ్ మాని మామూలు డిటర్జెంటు పొడిని తెచ్చి, చెప్పిన మోతాదులో సగమే వేసి, రెండు చెంచాల చాకలి సోడాను ముందుగా వేడినీళ్ళలో కరిగించి వాషింగ్ మెషీన్లో పోశాను. చాకలి సోడా అంటే సోడియం కార్బొనేటు; అది నీళ్ళలోని కాల్షియాన్ని విడగొట్టి నీటిని మెత్తబరుస్తుంది, అందువల్ల డిటర్జెంటు తన పూర్తి శక్తిని మురికి మీద పెట్టగలుగుతుంది. దీనికీ వంటసోడాకూ చాలా తేడా ఉంది. వంటసోడా ఈ పనికి చాలా బలహీనం. అత్తగారు ఈ తెల్లటి పొడిని చూసి, తమ ఊళ్ళో చాకలివారు ఎండాకాలం చెరువుగట్టు కింద తెల్లగా పొంగిన చౌడు గోకి తెచ్చి, చాకిబానలో బట్టలను ఆవిరికి ఉడకబెట్టేవారని చెప్పారు. చౌడులో ఉండేదీ ప్రధానంగా ఈ సోడాయే. ఏ ప్రయోగశాలా చెప్పకుండానే ఆ నేలను చూసి ఆ పనిని గుర్తించిన చేతులకు ఎంత తెలివి ఉండేదో నేను ఇంతకాలం ఆలోచించనందుకు బాధపడ్డాను.

పట్టు, ఉన్ని బట్టలకు చాకలి సోడా తగలకూడదు. అల్యూమినియం గిన్నెలను అది తినేస్తుంది. కాబట్టి డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి పై అరలో పెట్టాను.

జూన్ 29

కుంకుడు రసంతోనే బట్టలన్నీ ఉతికేయవచ్చునని చాలామంది అంటారు. ఒక పూట వంద గ్రాముల తొక్కలను లీటరుంబావు నీళ్ళలో ఇరవై నిమిషాలు ఉడికించి, వడకట్టిన రసాన్ని మెషీన్లో పోశాను. నూలు చీరలూ నా పట్టుచీరా మెత్తగా, రంగు చెడకుండా వచ్చాయి. మా వారి చొక్కా కాలరు మీది జిడ్డు మాత్రం అలాగే ఉంది. అమ్మాయి తెల్ల యూనిఫాం లేత పసుపు ఛాయకు తిరిగింది. పట్టుకు, రంగు నూలుకు కుంకుడు. తెల్లబట్టలకు, జిడ్డుకు డిటర్జెంటు అని విభజించుకున్నాను. ఉడికించిన రసం ఫ్రిజ్‌లో నాలుగు రోజులకే పులిసి వాసన వేసింది కాబట్టి, ఇకమీద ఐస్ ట్రేలో పోసి గడ్డలుగా దాచుకుంటాను.

జూలై 6

సున్నిపిండికి సరుకులు: పెసలు అరకిలో, శనగపప్పు పావుకిలో, బియ్యం వంద గ్రాములు, కస్తూరి పసుపు, కచోరాలు, ఎండు గులాబీ రేకులు ఒక్కొక్కటి యాభై గ్రాములు, వట్టివేళ్ళు పాతిక గ్రాములు. మర పట్టిన కూలితో కలిపి 254 రూపాయలయ్యాయి, కిలో పైచిలుకు పిండి వచ్చింది. అత్తగారు బావంచాలు కూడా వేయాలన్నారు.

“అత్తయ్యా, మీరు ఇంట్లో ఉంటారు కాబట్టి మీకు ఫరవాలేదు గానీ, పిల్ల స్నానం చేసి నేరుగా ఎండలోకి వెళ్తుంది,” అన్నాను. బావంచాల్లో సోరలెన్ అనే పదార్థముంటుంది. ఎండ తగిలినప్పుడు అది చర్మాన్ని మంటపుట్టేలా స్పందింపజేస్తుంది. బొల్లికి చేసే చికిత్సలో దానిని వాడేదీ ఆ గుణం కోసమే. ఆవిడ కాసేపు ఆలోచించి, తమకు పూర్వం వారానికొకసారే నలుగు పెట్టేవారని, ఇప్పుడు రోజూ వాడతామంటే మానేయడమే మంచిదని ఒప్పుకున్నారు. ఇదే కారణంతో నిమ్మరసం రుద్దుకుని ఎండలోకి వెళ్ళడాన్ని కూడా మా ఇంట్లో నిషేధించాను. దానివల్ల చర్మం మీద బొబ్బలు, నల్లమచ్చలు వస్తాయి.

జూలై 9

మొదటి రోజే సున్నిపిండి మంట పుట్టించింది. పిండిమర దగ్గర మాకన్నా ముందు ఎవరికో ఎండుమిర్చి పట్టి, అదే మరలో మా పిండి వేశారు. మర అతనిని అడగకుండా డబ్బా చేతికిచ్చి వచ్చిన తప్పు నాదీ ఉంది. కిలో పిండిని అలాగే చెత్తలో వేయడానికి మనసు రాక, గిన్నెలు తోముకోవడానికి పక్కన పెట్టాను. రాత్రి నిద్రపోయే ముందు అమ్మాయి చేతులకు కొబ్బరి నూనె రాస్తూ, నా లెక్కల కోసం దాని చర్మాన్ని ముందు పెట్టానే అని చాలా బాధపడ్డాను. ఇకమీద ఏ కొత్త పిండి అయినా ముందుగా నా మోచేతి లోపలివైపు రాసుకుని, ఒక రోజు ఆగిన తర్వాతే మిగతావారికి ఇస్తాను.

రెండో విడత సరుకులను పసుపుకు వేరే మర ఉన్న చోట పట్టించాను. అది బాగుంది. ఈ పిండి నీళ్ళతో కలిసి మోరీలో ముద్దగా పేరుకుంటుంది కాబట్టి, స్నానాల గదిలో జాలీ మీద పాత నైలాన్ గుడ్డ కట్టాను.

జూలై 20

సబ్బు చేసిన రోజు. ఈ పనికి ముందు రెండు వారాలు చదివాను, ఎందుకంటే కాస్టిక్ సోడా పొరపాటును క్షమించదు. అర కిలో కొబ్బరి నూనె పూర్తిగా సబ్బుగా మారడానికి గ్రాముకు 0.183 చొప్పున 91.5 గ్రాముల కాస్టిక్ సోడా కావాలి. కొంత నూనె మారకుండా మిగలడానికి అయిదు శాతం తగ్గించి 87 గ్రాములు తూచాను. దీనికోసమే 450 రూపాయలు పెట్టి గ్రాముల తూకం యంత్రం, 150 పెట్టి గ్లవ్స్, కళ్ళద్దాలు కొన్నాను. స్టీలు గిన్నెలో 180 గ్రాముల నీళ్ళు తీసుకుని, కిటికీ తెరిచి, నీళ్ళలోకి సోడాను కొద్దికొద్దిగా వేశాను. సోడా మీద నీళ్ళు పోస్తే ఒక్కసారిగా మరిగి ఎగజిమ్ముతాయి. అల్యూమినియం గిన్నె వాడితే హైడ్రోజన్ పుట్టి గిన్నె కూడా చిల్లులు పడుతుంది. నీళ్ళు చేయి పెట్టలేనంతగా వేడెక్కాయి. గోరువెచ్చగా అయ్యాక నూనెలో పోసి పప్పుగుత్తితో తిప్పుతూ పోతే, ఇరవై నిమిషాలకు ద్రవం దోసెల పిండిలా చిక్కబడి, గుత్తి ఎత్తినప్పుడు జారిన గీత పైన నిలిచింది. ఖాళీ పాల డబ్బాలో పోసి, మరునాడు ముక్కలు కోసి, నాలుగు వారాలు ఆరడానికి గాలి తగిలే అరలో పెట్టాను.

ఖర్చు చూస్తే మాత్రం ఉత్సాహం తగ్గింది. ఈ ఏడాది కొబ్బరి నూనె ధర విపరీతంగా పెరిగింది. నేను లీటరు 510కి కొన్నాను. అర కిలో నూనెకు 279, సోడాకు 11, మొత్తం 290 రూపాయలకు ఎనిమిది సబ్బులు వచ్చాయి, అంటే ఒక్కొక్కటి 36 రూపాయలు.

ఆగస్టు 17

సబ్బు గట్టిగా ఉంది, నురుగు బాగా వస్తోంది, కానీ స్నానం చేశాక చర్మం బిగుసుకుపోయి చిట్లుతున్నట్టు అనిపించింది. కొబ్బరి నూనె ఒక్కదానితోనే చేసిన సబ్బు జిడ్డును మరీ ఎక్కువగా లాగేస్తుంది. ఒంటికి వాడాలంటే అయిదు శాతం కాకుండా ఇరవై శాతం నూనెను మిగల్చాలి, అంటే సోడా 73 గ్రాములే వేయాలి. ఆ ఎనిమిది ముక్కలను గిన్నెలకు, గుడ్డలకు వాడతాను. మళ్ళీ సబ్బు చేస్తే సంతోషం కోసమే చేస్తాను. 36 రూపాయల సబ్బును నేను ఆదా కింద రాసుకోలేను.

టూత్‌పేస్టు జోలికి వెళ్ళలేదు. ఉప్పు, బొగ్గు, వేపపుల్ల పొడి అన్నీ పరిశీలించాను, కానీ పిప్పిపళ్ళను ఆపే ఫ్లోరైడును ఇంట్లో తూచి కలిపే ప్రశ్నే లేదు, గరుకు పొడులు రోజూ రుద్దితే పంటి పింగాణీ అరిగిపోతుంది.

సెప్టెంబరు 22

మొన్న 20న బయో ఎంజైమును వడకట్టాను. రంగు తేనెలా, వాసన పుల్లటి బత్తాయిలా ఉంది, లీటరున్నర వచ్చింది. అర బకెట్టు నీళ్ళలో రెండు మూతలు పోసి గచ్చు తుడిస్తే జిగురు లేకుండా శుభ్రపడింది. ఇది క్రిములను చంపుతుందని నేను ఎక్కడా రాయను; ఇంట్లో జబ్బుపడిన వారున్నప్పుడు దీనిని నమ్మకూడదు.

ఈ రోజు నుంచి సబ్బులు, షాంపూ, టూత్‌పేస్టు, తలనూనెల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. 150 రూపాయల పేస్టు 133కి వస్తుంది, నలభై రూపాయల సబ్బు 36 దగ్గరకు దిగుతుంది. నేను ఏమీ చేయకుండానే తగ్గిన ఈ మొత్తాన్ని చివరి లెక్కలో విడిగా చూపాలి, లేకపోతే నా పనికి లేని గొప్ప ఆపాదించినట్టవుతుంది.

అక్టోబరు 5

బాల్కనీలో గిన్నెలు కడిగే చోట తాండూరు బండలు పరిచి ఉన్నాయి. మూడు రోజుల కింద బయో ఎంజైము సీసా మూత సరిగా బిగించకపోవడంతో, రాత్రంతా ఒక్కొక్క బొట్టే బండ మీద కారింది. పొద్దున్నే నీళ్ళు పోసి కడిగినా, అరచేతి వెడల్పున ఒక మచ్చ పాలిపోయి మిగిలింది. వేలితో తాకితే చుట్టూ నున్నగా, ఆ చోట మాత్రం సన్నటి ఇసుకకాగితంలా గరుకుగా ఉంది. తాండూరు బండ, బేతంచెర్ల బండ, కడప నల్లబండ అన్నీ సున్నపురాయే. పులుపు తగిలితే రాయి పైపొర కరిగిపోతుంది. పాలరాయికీ ఇదే ప్రమాదం. గ్రానైటు గట్టుకు ఏమీ కాదు. ఇంట్లో చేసినది కాబట్టి నెమ్మదైనదే అనుకుని, ఏ రాయి మీద వాడుతున్నానో చూసుకోకపోవడం నా పొరపాటు. మేము అద్దెకున్నాము కాబట్టి ఇంటావిడకు నేనే వెళ్ళి చెప్పాను.

అక్టోబరు 20, దీపావళి

తెల్లవారుజామున అత్తగారు అందరికీ నువ్వుల నూనె అంటి, మన సున్నిపిండితో నలుగు పెట్టి, కుంకుడు రసంతో తలంటారు. అమ్మాయి కూడా వద్దనలేదు. ఈ ఒక్క రోజు ఖర్చు లెక్క వేయలేదు.

నవంబరు 9

బండను తిన్న పులుపే కుళాయి గారను కూడా తినాలి కదా అన్న ఆలోచన నెలరోజులుగా వెంటాడుతోంది; గార కూడా సున్నమే. నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, బేగంబజారులో కిలో 140కి తెచ్చాను. అర లీటరు వేడినీళ్ళలో యాభై గ్రాములు కరిగించి, ఒక ప్లాస్టిక్ సంచిలో పోసి, షవరు తల మునిగేలా రబ్బరు బ్యాండుతో కట్టాను. చెవి దగ్గర పెట్టి వింటే సన్నగా చిటపటమంది, సంచి లోపల బుడగలు గొలుసులుగా పైకి లేచాయి. గంటకు విప్పితే, మూసుకుపోయిన రంధ్రాల్లో మూడు తప్ప అన్నీ తెరుచుకున్నాయి. మిగిలిన మూడింటిని గుండుసూదితో పొడిచాను. కొత్త షవరు కొనాలని అనుకున్న 600 రూపాయలు మిగిలాయి.

మరుగుదొడ్డిలో పసుపు గారకు కూడా రాత్రిపూట నిమ్మ ఉప్పు చల్లి వదిలేస్తే సరిపోతోంది. ఒక్క విషయం గోడ మీద రాసి అంటించాను: ఏ పులుపునైనా, కొన్న యాసిడ్ క్లీనరునైనా, బ్లీచింగ్ పౌడరుతో ఎప్పుడూ కలపకూడదు, కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, మూసిన స్నానాలగదిలో అది ప్రాణం మీదకు తెస్తుంది. వెనిగరునూ వంటసోడానూ కలిపితే పొంగు చూడడానికి బాగుంటుంది గానీ రెండూ ఒకదాన్నొకటి చంపుకుని, ఉప్పునీళ్ళలాంటిది మిగులుతుంది. వాటిని విడివిడిగానే వాడాలి.

డిసెంబరు 14

నవంబరు నెల లెక్క తేలింది. బట్టలు 270, గిన్నెలు 150, సున్నిపిండి నెలసరి వాటా 127, రెండు సబ్బులు 71, తలకు కుంకుడు, షాంపూ ప్యాకెట్లు కలిపి 75, పేస్టు 133, నేలకు బెల్లం ఖర్చు 15, మరుగుదొడ్డికి, కుళాయిలకు 40. మొత్తం 881 రూపాయలు. మే నెలతో పోలిస్తే 539 తగ్గింది. ఇందులో పేస్టు మీద 17, రెండు సబ్బుల మీద మరో తొమ్మిది రూపాయలు పన్ను తగ్గింపు వల్ల వచ్చినవి. తూకం యంత్రం, గ్లవ్స్, పనికిరాకుండా పోయిన సబ్బు, మిరపకారం కలిసిన పిండి అన్నీ కలిపి 1,144 రూపాయలు ముందే పోయాయి. వాటిని రాబట్టడానికి రెండు నెలలకు పైగా పడుతుంది.

పద్దు వారీగా చూస్తే అన్నిటికన్నా ఎక్కువ, నెలకు 150, మిగిల్చినది చాకలి సోడా. దానిని నేను తయారు చేయలేదు, పొట్లం విప్పి నీళ్ళలో కరిగించానంతే. నిమ్మ ఉప్పు సంగతీ అంతే. సరుకును ఉన్నది ఉన్నట్టు వాడిన చోట డబ్బు మిగిలింది. అంగడి సబ్బును ఇంట్లో అచ్చుపోయబోయిన చోట డబ్బు, శ్రమ రెండూ ఎక్కువయ్యాయి.

శ్రమ లెక్క కూడా రాయాలి. కాయలు కొట్టడం, పప్పులు ఎండబెట్టడం, మరకు వెళ్ళడం, వడకట్టడం కలిపి నెలకు ఏడు గంటలు పడుతోంది; గంటకు 77 రూపాయలన్నమాట. మొదటి మూడు నెలలు ఆ గంటలన్నీ నావీ, అత్తగారివీ. ఇంటి ఖర్చు తగ్గించే పని చివరికి ఆడవాళ్ళ చేతుల మీదకు మళ్ళితే అది ఆదా ఎలా అవుతుందని మా వారిని అడిగాను. సెప్టెంబరు నుంచి శనివారం రాత్రి కుంకుడుకాయలు కొట్టే పని, మరకు వెళ్ళే పని ఆయనే చేస్తున్నారు. ఇప్పుడు ఆయన దెబ్బకు గింజ పగలడం లేదు.

ఇకమీద కుంకుడు, సున్నిపిండి, చాకలి సోడా, నిమ్మ ఉప్పు కొనసాగుతాయి. బయో ఎంజైము రెండో డబ్బా సగానికి వచ్చింది, దానిని ఈసారి గ్రానైటు గట్టు మీద ప్లాస్టిక్ పళ్ళెంలో పెట్టాము. భోగి తలంట్ల కోసం పెసలు బాల్కనీలో ఎండుతున్నాయి, పావురాలు దిగకుండా అమ్మాయి వాటి మీద పాత దోమతెర కప్పింది.